మడత విప్పని జెండా

ఏటపల్లి,
ఆగస్టు 20

భాగ్యకు,

పద్దెనిమిది నెలల తర్వాత రాస్తున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోన్ చేస్తే నువ్వు "బాగున్నవా వదినా" అని ఒక్క మాట అని అత్తమ్మకిస్తావు. అత్తమ్మ "ఆఁ" అని పెట్టేస్తుంది. ఆ "ఆఁ" వినడానికి ఆఫీసు వెనక గుట్టెక్కి సిగ్నల్ వెతుక్కోవడం నా వల్ల కాదు. పైగా నీకు తెలుగు రాత నేర్పిందే నేను. సరిహద్దు ఊరు కావడంతో మరాఠీ బడిలో చదువుకొని మరాఠీ బడిలోనే పాఠాలు చెప్పే నీ చేత రోజుకొక ఉత్తరం రాయించి, తప్పులు దిద్ది, గోడ అవతల నుంచి జవాబు రాసేదాన్ని. మీ అన్న చూసి "ఒక్క ఇంట్ల ఉండి ఉత్తరాలేందే, పోస్టాఫీసు పెడ్తరా ఏంది?" అని నవ్వేవాడు. కాబట్టి మన ఇద్దరికీ ఇది కొత్తేమీ కాదు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ఉదయం పదికి ఆఫీసు, సాయంత్రం ఆరుకు గది. బస్సులు రెండే. మొన్న పంద్రాగస్టుకు ఊరూరా పంచడానికి జెండాల మూటలు వస్తే వాటిని సరిచూసే పని నాకు అప్పజెప్పారు. మూడు పట్టీలు సమానంగా ఉన్నాయా, చక్రం నడుమనే పడిందా, పుల్లలు ఇరవై నాలుగూ ఉన్నాయా అని ఒక్కొక్కటే చూసి, పనికిరానివి పక్కన పెట్టాలి. నాలుగు రోజులు నాకు కళ్లు మూస్తే చక్రాలే కనపడ్డాయి.

ఇక అసలు సంగతి. డ్యూటీలో ప్రాణాలు పోగొట్టుకున్న పోలీసుల కోసం జిల్లా కేంద్రంలో ఒక స్మారక మందిరం కడుతున్నారు. జనవరి 26న తెరుస్తారట. ఒక్కొక్కరికి ఒక అద్దాల పెట్టె. అందులో ఫోటో, టోపీ, అంతిమయాత్రనాడు మీద కప్పిన జెండా. మీ అన్న పేరు పద్నాలుగోది. రెండేళ్ల కింద వరదలో జనాన్ని దాటిస్తూ పడవ తిరగబడి పోయిన మనిషిని ఇన్నాళ్లకు తలచుకున్నారు. ఆ కాగితం నా బల్ల మీదికే వచ్చింది. ప్రభాకర్ అనే పేరు చూసి, కింద సంతకం పెట్టాల్సిన చోట నా పేరు చూసి, ఆ కాగితాన్ని బల్ల మీద బోర్లించి పెట్టాను.

కాగితంలో "జెండా భార్యకు అప్పగించడమైనది" అని ఉంది. అందుకే నన్ను అడుగుతున్నారు. డిసెంబరు ఆఖరుకల్లా ఇవ్వాలి. అది మన ఇంట్లో, బీరువా కింది అరలో, నేను పెట్టిన చోటే ఉండాలి. అత్తమ్మకు నెమ్మదిగా చెప్పి పంపించు. ఆయన పేరు పక్కన ఖాళీ పెట్టె ఉండడం నాకు ఇష్టం లేదు.

మీ వదిన,
రేఖ


బామ్ని,
సెప్టెంబరు 8

వదినకు,

నీ ఉత్తరం అందింది. చేతిరాత చూసి నువ్వేనని కవరు మీదే పోల్చుకున్నాను. మొదటిసారి చదివినప్పుడు నేనెక్కడ తప్పు రాశానో దిద్దుతున్నావేమో అన్నట్టు భయమేసింది. ఇప్పుడూ భయంగానే రాస్తున్నాను, తప్పులుంటే ఎర్ర పెన్నుతో గీసి పంపకు.

మా బడిలో కూడా పంద్రాగస్టు బాగా జరిగింది. మూడో తరగతి పిల్లలతో జెండా బొమ్మ గీయించాను. పొడవు మూడు వంతులైతే వెడల్పు రెండు వంతులు అని చెప్తే ఒకడు చెప్పు కొలత పెట్టి గీశాడు. చక్రం దగ్గరికి వచ్చేసరికి అందరూ సైకిల్ చక్రమే గీశారు. కాషాయం త్యాగానికి, తెలుపు శాంతికి, ఆకుపచ్చ పంటలకు అని చెప్పిస్తుంటే జంగు అని ఒక బుడ్డోడు లేచి, "మూడు రంగుల జెండ అంటరు, నాలుగున్నయి కద మేడం, నీలం లెక్కల లేదా?" అన్నాడు. హెడ్మాస్టరు కృష్ణకాంత్ సారు పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. నేను మాత్రం "నీలం చక్రానిది, పట్టీలది కాదు" అని తప్పించుకున్నాను.

వానలు ఈసారి ఎక్కువే. ప్రాణహిత నిండుగా ఉంది. మా వాడ వెనక వరి మునిగి మళ్లీ తేలింది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, అయినా కూర్చోదు. వాడలో ఎవరింట్లో పిల్ల పుట్టినా బొంత కుట్టమని అమ్మ దగ్గరికే వస్తారు. ఎవరి పాత చీరలు వాళ్లు మూటకట్టి తెస్తారు, అమ్మ ముందేసుకొని కూర్చుంటుంది. నాట్లేసిన చేతులు ఖాళీగా ఉండవంటుంది.

జెండా సంగతి అమ్మతో ఇంకా అనలేదు. బీరువా తాళం చెవి అమ్మ దగ్గరుంది. ఈ తడిలో బట్ట బయటికి తీస్తే బూజు పడుతుంది కూడా. దసరా పోయినాక చూద్దాం. నువ్వు వెళ్లి పద్దెనిమిది నెలలయిందని నువ్వే లెక్కపెట్టుకుంటున్నావు కానీ, ఆ నెలల్లో ఒక్క పండగకైనా వచ్చి ఉంటే నువ్వే తీసుకుపోయేదానివి కదా.

భాగ్య


ఏటపల్లి,
అక్టోబరు 16

భాగ్యకు,

తప్పులు రెండే ఉన్నాయి, గీయలేదులే. బుడ్డోడి ప్రశ్న మా ఆఫీసులో చెప్తే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కానీ రెండు పేజీల ఉత్తరంలో జెండా గురించి నాలుగు ముక్కలు, అవి కూడా చివర. నువ్వు మాట దాటేస్తే నాకు తెలియదా? దసరా అయిపోయింది. వానలూ వెనకబట్టాయి.

పండగలకు రాలేదని ఎత్తిపొడిచావు. రమ్మని ఎవరన్నారు భాగ్యా? నేను ట్రంకుపెట్టె పట్టుకొని బస్సు కోసం నిలబడ్డనాడు అత్తమ్మ గడప దాటి బయటికి రాలేదు. కొడుకు పోయినందుకు వచ్చిన నౌకరీ తీసుకొని కోడలు వెళ్లిపోతోందని వాడంతా అనుకుంది, ఆమె కాదనలేదు. సరే, అదిప్పుడు వద్దు.

ఆ జెండా నాకు బట్ట మాత్రమే కాదు. ఆ రోజు నేను ఏడవలేదని అందరూ అన్నారు. ఏడుపు రాక కాదు, నేను జెండానే చూస్తూ ఉన్నాను. కాషాయం తలవైపు ఉంచి కప్పారు. ఆకుపచ్చ పాదాల మీదికి వచ్చింది. ఆరడుగుల వెడల్పు జెండా, ఆయనకు సరిగ్గా సరిపోయింది. చితి దగ్గర దించి, నిప్పు పెట్టకముందే ఎత్తారు. జెండాకు నిప్పు తగలకూడదు, నీళ్లు తగలకూడదు. ఇద్దరు జవాన్లు ఎదురెదురుగా నిలబడి కాషాయాన్నీ ఆకుపచ్చనూ తెలుపు కిందికి మడిచారు. తర్వాత ఆ తెలుపును రెండు కొసల నుంచి నడుముకు మడుచుకుంటూ వచ్చారు. చివరికి పైన చక్రం, దానికి అటూ ఇటూ కాస్త కాషాయం, కాస్త ఆకుపచ్చ మిగిలాయి. అంత పొడుగు మనిషి మీద కప్పింది నా రెండు చేతుల్లో పుస్తకమంత అయింది. ముతక ఖాదీ. ముఖానికి ఆనించుకుంటే గరుకుగా తగిలింది.

ఆలపల్లి బస్సు కండక్టరు పోశయ్య మన వాడవాడే. అతని చేతికిస్తే నాకు చేరుతుంది. కొత్త తువ్వాలులో చుట్టు, మడత చెదరనివ్వకు. సాకులు చెప్పకుండా ఉన్నదున్నట్టు జవాబు రాయి.

రేఖ


బామ్ని,
నవంబరు 14

వదినకు,

జెండా పోశయ్య బావ చేతికి ఇచ్చి పంపుతున్నాను. తువ్వాలులో చుట్టాను. నువ్వు రాసినట్టే మడత పెట్టాను.

అమ్మ ఏమీ అనలేదు. ఇక్కడ అందరం బాగున్నాం. అందగానే రెండు ముక్కలు రాయి.

భాగ్య


ఏటపల్లి,
నవంబరు 22

భాగ్యా,

అందింది. నువ్వు పంపింది ఆయన మీద కప్పిన జెండా కాదు.

నన్నెవరనుకున్నావు? నాలుగు రోజులు జెండాల మూటల ముందు కూర్చొని చక్రాలు లెక్కపెట్టినదాన్ని. ఇది పాలిస్టరు. వేలితో రుద్దితే జారిపోతోంది, చేతికి చల్లగా తగులుతోంది. నువ్వు పిల్లల చేత ఇరవై నాలుగు పుల్లలు గీయిస్తావు, నీ జెండా చక్రానికి ఇరవై రెండే ఉన్నాయి. సిరోంచ బజారులో కొన్నావా? కనీసం లెక్కపెట్టుకొని కొనాల్సింది.

తలుపు మూసి, చేతులు కడుక్కొని తువ్వాలు విప్పాను. ముఖానికి ఆనించుకున్నాను కూడా. ఆ తర్వాత నాకు కోపం రాలేదు, తల తీసేసినట్టయింది. నేను నేర్పిన అక్షరాలతోనే నాకు అబద్ధం రాశావు.

దీన్ని ఆయన పేరు కింద అద్దాల పెట్టెలో పెడితే ఎవరూ పట్టుకోరు. నలుగురూ వచ్చి దండం పెట్టి పోతారు. కానీ నేను చూసిన ప్రతిసారీ తల దించుకోవాలి. అది నా వల్ల కాదు.

నిజం చెప్పు, అసలు దాన్ని ఏం చేశారు? ఎవరికైనా ఇచ్చేశారా? పోగొట్టారా? ఎలుకలు కొట్టాయా? కాల్చేశారా? నా మీద కోపంతో దాన్నేమైనా చేసి ఉంటే మాత్రం నేను క్షమించలేను. గడువు ఇంకా నెల పైచిలుకే ఉంది.

రేఖ


బామ్ని,
డిసెంబరు 3

వదినకు,

నన్ను తిట్టు, పడతాను. జెండా కొన్నది నేనే. సిరోంచ వెళ్లి ఆరడుగులది కావాలంటే ఖాదీది లేదన్నారు, చంద్రపూర్ నుంచి తెప్పించాలన్నారు. ఉన్నదే తెచ్చాను. పుల్లలు లెక్కపెట్టలేదు. తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనన్న తొందరలో లెక్క ఎక్కడ గుర్తుంటుంది?

అసలు జెండా ఇంట్లోనే ఉంది. పోలేదు, కాలలేదు, ఎలుకలు కొట్టలేదు. అమ్మ దాన్ని బొంతలో పెట్టి కుట్టింది.

మొదటి ఉత్తరం వచ్చిన రోజే నేను తాళం చెవి అడిగి బీరువా తీశాను, నీకు మాత్రం సాకులు రాశాను. కింది అర ఖాళీగా ఉంది. అమ్మనడిగితే మంచం మీది బొంత చూపించింది. పోయిన ఎండాకాలం, నువ్వు వెళ్లిన తర్వాత కుట్టిన బొంత. పైన నా పాత లంగాలు, అడుగున అమ్మ చీర, లోపల ఎప్పుడో పోయిన మా బాపు ధోతి, అన్న యూనిఫాం అంగీ. వాటి నడుమ, సరిగ్గా గుండెల మీదికి వచ్చేచోట, మడత పెట్టిన జెండా. అక్కడ చెయ్యి పెడితే ఎత్తుగా తగులుతుంది. రోజూ ఆ ఎత్తు మీద చెయ్యి వేసుకొని పడుకుంటుంది.

"ఇదేందమ్మా, గిట్ల చెయ్యొచ్చా?" అన్నాను. అమ్మ నన్నే పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"పెద్దసాబు ఏం చెప్పిండో నువ్వే కద నాకు తెలుగుల చెప్పినవ్. కాల్చద్దన్నడు, నేను కాల్చలే. నీళ్లల్ల ముంచద్దన్నడు, ముంచలే. నేలకు తాకనియ్యద్దన్నడు, నా బొంత మంచం దిగదు. ఎవలకియ్యద్దన్నడు, ఇయ్యలే. పైలంగ, భద్రంగ దాసిపెట్టుమన్నడు. ఇంతకంటె పైలంగ యాడ దాస్తరే?"

వదినా, చితి దగ్గర ఆ ఆఫీసరు మరాఠీలో చెప్పిందంతా ఒక్కొక్క మాటే తెలుగులో అమ్మ చెవిలో చెప్పింది నేనే. కప్పుకోవద్దు అని ఆయన అనలేదు, నేనూ చెప్పలేదు. అలా కూడా చేస్తారని ఎవరనుకుంటారు? మన ఇంట్లో పోయినవాళ్ల బట్టలు ఎవరికైనా ఇస్తాం, లేకపోతే కాలుస్తాం, కాదంటే బొంతలో వేస్తాం. మొదటి రెండూ వద్దంటే అమ్మకు మిగిలింది బొంత ఒకటే. బొంతలో పడితే మనిషి ఇంట్లో ఉన్నట్టేనంటుంది.

ఇంకొకటి ఉంది. రాయొద్దనుకున్నాను, కానీ దాస్తే మళ్లీ అబద్ధమవుతుంది. ఆ రోజు జెండా మడత పెడుతుంటే అమ్మ ముందుకు వచ్చి కొంగు పట్టుకొని నిలబడింది. తనకే ఇస్తారనుకుంది. ఆఫీసరు అమ్మను దాటి వచ్చి నీ చేతుల్లో పెట్టాడు. "కన్నదాన్ని నేనాయె, నా ముంగట్నించి తీస్కపోయిండు" అని ఇప్పటికీ అంటుంది. నువ్వు నౌకరీకి వెళ్తూ జెండాను బీరువాలోనే వదిలేసి వెళ్లినప్పుడు, "మొగుని మీది గుడ్డను సుత ఇడిచిపెట్టి పోయింది సూడు" అన్నది. అప్పుడే తీసి దాచుకుంది. నువ్వడుగుతున్నావని ఈ మధ్య చెప్తే, "ఇడిచిపెట్టినామెకు ఇప్పుడెందుకు? నేను సచ్చినంక తీస్కపొమ్మను" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు అన్నం తినలేదు.

నాకు రెండు వైపులా భయమే. జెండాను అవమానిస్తే మూడేళ్ల జైలని నేనే పిల్లలకు చెప్తాను. ఈ సంగతి బయటపడితే అమ్మ పేరు పేపర్లో వేస్తారు, నేను బడిలో ముఖం ఎత్తుకోలేను. పోనీ బొంత విప్పుదామంటే అమ్మ బతికేది దాన్ని పట్టుకొనే. నువ్వే ఏదో ఒకటి చెయ్యి వదినా. పోయిందని రాసెయ్యి. ఇల్లు కురిసి పాడైందని రాయి. నీకు కాగితాలు రాయడం తెలుసు.

భాగ్య


ఏటపల్లి,
డిసెంబరు 12

భాగ్యకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతూ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. మా ఆఫీసులో జెండా నియమాల పుస్తకం ఉంది. తీసి పక్కన పెట్టుకొని అత్తమ్మ మాటలు ఒక్కొక్కటే సరిచూశాను. నిప్పు తగలనివ్వలేదు, నీళ్లు తగలనివ్వలేదు, నేల తాకనివ్వలేదు. ఇక్కడ చదువుకున్న వాళ్లం ఇందరం ఉండి మొన్న జెండాల మూట నేల మీదే దించాం. ఒక్క నియమం దగ్గర మాత్రం ఆమెది తప్పే. జెండాను కప్పుకునే బట్టల్లో వాడకూడదు, దుప్పటి కానీ దిండు కానీ చేయకూడదు. అది ఆమెకు ఎవరూ చెప్పలేదు. తెలియక చేసిన దానికి జైలు మాట నోట్లో కూడా రానివ్వకు.

ఇక నా సంగతి. ఇది నీకూ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు అత్తమ్మ కొంగు పట్టడం నేను చూశాను.

ఆఫీసరు వచ్చి నా చేతుల్లో జెండా పెడుతుంటే, ఆయన భుజం మీదుగా ఆ కొంగే కనపడింది. రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకొని, మధ్యలో లోతు చేసి, ధాన్యం పోయించుకోవడానికి నిలబడ్డట్టు నిలబడింది. ఆయన నా ముందు సెల్యూట్ చేసేదాకా అలాగే ఉంది. తర్వాత మెల్లగా వదిలేసింది. ఆ క్షణం నేను రెండడుగులు వేసి ఆ కొంగులో పెట్టేసి ఉంటే సరిపోయేది. చుట్టూ తుపాకులు, అధికారులు, కెమెరాలు. పేరు పిలిచినప్పుడు తీసుకోవాలి, చేతులు మారకూడదు అని ముందే చెప్పి ఉన్నారు. నేను వాళ్ల మాటే విన్నాను.

అందుకే వెళ్లేటప్పుడు వదిలి వెళ్లాను. మరిచిపోయి కాదు, అక్కర్లేక కాదు. ఆమెకే అని పెట్టి వెళ్లాను. చేతికిచ్చి చెప్పాల్సింది. కానీ ఆమె నాతో మాట్లాడడం లేదు, నాకూ పంతం వచ్చింది. అర్థం చేసుకుంటుందిలే అనుకొని కింది అరలో పెట్టి తలుపు మూశాను. ఇడిచిపెట్టి పోయానని అనుకుంటుందని కలలో కూడా అనుకోలేదు. నేను చేసిన తప్పు ఇదొక్కటే భాగ్యా, కానీ పెద్ద తప్పు.

మరి ఇచ్చేసిన దాన్ని మళ్లీ ఎందుకు అడిగావంటావా? పద్నాలుగు పెట్టెల్లో ఒకటి ఖాళీగా ఉంటుందని వినగానే నాకు మతిపోయింది. అడిగేటప్పుడైనా ఈ మాట చెప్పి అడగాల్సింది.

ఇప్పుడు నేనేం చేశానో విను. పోయిందని రాయలేదు, పాడైందనీ రాయలేదు. "జెండా అతని తల్లి ఆగమ్మ దగ్గర ఉన్నది. అది ఆమెది. ఇవ్వడమూ ఇవ్వకపోవడమూ ఆమె ఇష్టం" అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. మా అధికారి చదివి, మరీ ఇంత ముక్కుసూటిగానా అన్నట్టు చూశాడు కానీ ముద్ర వేశాడు. పెట్టె ఖాళీగా ఉంటే ఉండనీ, ఫోటో ఉంటుంది కదా.

అత్తమ్మకు ఈ ఉత్తరం మొత్తం చదివి వినిపించు. ఒక్క ముక్క కూడా వదలకు, జెండాను బొంతలో ఉంచకూడదన్నది కూడా. తీసి పెట్టెలో పెట్టుకొమ్మను, ఆమె దగ్గరే ఉంచుకొమ్మను. నేను మళ్లీ అడగను.

రేఖ


బామ్ని,
డిసెంబరు 26

వదినకు,

చదివి వినిపించాను. ఉత్తరం అందిన మర్నాడు పొద్దున అమ్మ మంచం ఎండలోకి జరిపి, కాళ్ల దగ్గర కూర్చొని మొదటి నుంచి చివరిదాకా చదివాను. నియమాల పుస్తకం సంగతి విని "మూట నేల మీద దించిండ్రా, గంత సదువుకొని?" అని మూతి తిప్పింది. కప్పుకోవద్దన్నది విని తల ఊపింది.

కొంగు మాట దగ్గరికి వచ్చాక "ఆగు" అన్నది. మళ్లీ చదవమన్నది, చదివాను. "సూసిందా?" అన్నది. "సూసిందటనే అమ్మా" అన్నాను. ఎండ జరిగి మంచం నీడలోకి వచ్చింది, అయినా లేవలేదు. తర్వాత "ఎవలు సూడలే అనుకున్న" అన్నది. ఇంతే అన్నది. నాకు ఏడుపు ఆగలేదు. అన్న పోయిన దుఃఖం ఒకటైతే, అంతమందిలో చెయ్యి చాపి వట్టిచేతులతో నిలబడడం ఇంకొకటి. ఆ రెండోదాన్ని అమ్మ ఇన్నాళ్లూ ఒక్కతే మోసింది.

మూడు రోజుల తర్వాత బ్లేడు తెమ్మన్నది. నేను విప్పుతానంటే వినలేదు. "కుట్టినదాన్ని నేను, ఇప్పేది నేనే" అని కూర్చుంది. బొంత అంతా విప్పలేదు, నడుమ నాలుగు వైపులా కుట్లు కోసింది. అమ్మ ఆ జెండా చుట్టూ బొంత కుట్టు వేసింది కానీ జెండా మీది నుంచి సూది పోనివ్వలేదు. ఒక్క మూల మాత్రం ఒక కుట్టు కాషాయంలోకి పోయింది. ఆ దారాన్ని గోటితో లాగి, ఆ చిన్న బెజ్జం చూసి "అయ్యో, ఇక్కడ గుచ్చిన్నా" అని అమ్మ బాధపడింది చూడు, నాకు చాలా కష్టమనిపించింది.

మడత మాత్రం అలాగే ఉంది వదినా. వాళ్లు ఎలా ఇచ్చారో అలాగే, పైన చక్రం, అటూ ఇటూ రెండు రంగులు. ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా విప్పలేదట. "గా పిలగాండ్లు గంత మర్యాదగ మడత వెట్టిండ్రు, నేనెట్ల ఇప్పుత?" అన్నది.

ఇప్పుడు అసలు మాట. పెట్టెలో పెట్టమని నేను ట్రంకు తెరిస్తే వద్దన్నది.

"ఇది నాదేనని రాసిచ్చింది కద?"

"రాసిచ్చిందే అమ్మా, ముద్ర సుత కొట్టిచ్చింది."

"నాదైతె నేనిస్త. దానికియ్య, నీకియ్య, బస్సోనికియ్య. గా పెద్దసాబు చేతుల నేనే పెడ్త. ఇచ్చేటప్పుడు నన్ను దాటిపోయిండు, తీస్కునేటప్పుడు నా ముంగటికి రమ్మను. నా కొడుకు పేరు పక్కన పెట్టె ఉత్తగ ఎందుకుండాలె?"

కాబట్టి జనవరి 25న మేమిద్దరం బయల్దేరుతున్నాం. కృష్ణకాంత్ సారు సెలవిచ్చాడు. ఆలపల్లిలో నువ్వు మా బస్సెక్కు. జెండా అమ్మ ఒళ్లోనే ఉంటుంది, నేలకు తాకదు. ఇచ్చేవారి పేరు ఉన్నచోట నీ పేరు కొట్టేసి అమ్మ పేరు రాయించు. గడువు దాటినా సభలోనే ఇస్తుందని, సంతకం బదులు వేలిముద్ర వేస్తుందని ముందే చెప్పు, సభలో ఎవరూ నసగకూడదు.

నీతో మాట్లాడుతుందో లేదో నాకు తెలియదు. నువ్వు కిటికీ వైపు కూర్చో. నేను నడుమ కూర్చుంటాను.

భాగ్య


బామ్ని,
ఫిబ్రవరి 5

(వదినా, ఇది అమ్మ చెప్తుంటే రాస్తున్నాను. ఒక్క మాట దిద్దలేదు. భాగ్య.)

రేఖకు ఆగమ్మ రాయిస్తున్నది.

మంచిగున్నవా. మేం మంచిగనే వచ్చి పడ్డం. మోకాళ్లు రెండు దినాలు గుంజినయి, ఇప్పుడు జర నయం.

బస్సుల నీతోని మాట్లాడలేదని అనుకుంటున్నవు కావచ్చు. నా తీరే అంత. ఏం మాట్లాడాలె నేను? ఒళ్లె వాడున్నట్టుండె. నువ్వు సుత మాట్లాడకుంట కూసున్నవు, మంచిపని చేసినవు.

ఆ సభల నీ పేరే పిలిచిండ్రు. కాయితం మీద నా పేరు రాయించినవట, ఆ పిలిచెటోడు పాత కాయితం సదివిండట. మళ్ల గదే అయితున్నదని జెండను ఒళ్లె గట్టిగ వట్టుకున్న. నువ్వు లేస్తవేమో అనుకున్న. నువ్వు లేసినవు, నా రెక్క వట్టి లేపినవు, ముంగటికి తోలి నువ్వు ఎన్కకు జరిగినవు. గంతమందిల "ఇచ్చేది వాళ్ల అమ్మ" అని మరాఠిల గట్టిగ చెప్పినవు. నీ గొంతు గట్ల లేస్తదని నాకెరుకలేదు.

పెద్దసాబు నా ముంగటికి వచ్చిండు. రెండు చేతులు చాపిండు. నేను పెట్టిన. ఆయన టోపి వెట్టుకున్న తలకాయ నాకు వంచిండు, ఎన్కకు జరిగి సలాం కొట్టిండు. అద్దం పెట్టెల పెట్టంగ సూసిన. బెజ్జం ఉన్న మూల కిందికే పెట్టిండ్రు, ఎవలకు కనవడది. నాకు మాత్రం ఎరుకే. ఉండనీ.

ఇంటికి వచ్చినంక బొంత ముంగటేసుకున్న. జెండ తీసినకాడ నడుమ సందు వడ్డది. చెయ్యి పెడితె లోపలికి పోతది. గింత దూది కుక్కి కుట్టరాదే అంటది భాగ్య. నేను కుట్టలే. అండ్ల మీ మామ ధోతి ఉన్నది. వాని అంగి ఉన్నది. నా చీరున్నది, దీని లంగలున్నయి. మొత్తం ఎతికిన, నీ గుడ్డపేలిక ఒక్కటి లేదు.

నీ పాత చీర ఒకటి కావాలె. పోశయ్య చేతికియ్యకు, బస్సుల పంపకు. పంపితె తీసుకోను. నువ్వే పట్టుకొని రా.